ఆన్‌లైన్ బృందంలో పని ఒక్కరి మీదే ఎందుకు పడుతుంది?

ఐదుగురు బి.ఎడ్. విద్యార్థులు కలిసి కిరణజన్య సంయోగక్రియపై ఒక ఆన్‌లైన్ పాఠం రూపొందించాలనుకుందాం. వాట్సాప్ గ్రూపు తయారైంది, అందరూ కలిసి రాసే పత్రం కూడా సిద్ధమైంది. మొదటి రోజు అందరూ ‘సరే’ అన్నారు. గడువు ముందు రోజు రాత్రి చూస్తే పత్రంలో చాలా భాగం ఒక్కరే రాశారు. మార్కులు మాత్రం అందరికీ సమానమే. మిగిలిన నలుగురూ బద్ధకస్తులని తేల్చేయడం తేలిక. కానీ అసలు కారణం చాలాసార్లు పనిని అమర్చిన తీరులోనే ఉంటుంది.

తాడు, కేకలు చెప్పిన సంగతి

ఫ్రాన్స్‌కు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్సిమిలియన్ రింగెల్‌మాన్, మనుషులు ఒంటరిగానూ గుంపుగానూ లాగినప్పుడు ఎంత బలం వాడతారో కొలిచి, 1913లో ఫలితాలు ప్రచురించారు. గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వంతు తగ్గింది. ఎనిమిది మంది లాగినప్పుడు అది సుమారు సగానికి పడిపోయింది.

ఇది సమన్వయం కుదరకా, లేక ప్రయత్నమే తగ్గించారా? ఈ రెండింటినీ విడదీయడానికి బిబ్ లటానే, ఆయన సహచరులు 1979లో ఒక ఉపాయం చేశారు. కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, వాస్తవానికి ఒంటరిగా కేక వేస్తున్నవారిని గుంపుతో కలిసి వేస్తున్నట్టు నమ్మించారు. ఆరుగురున్నారని నమ్మినవారు తమ పూర్తి శక్తిలో 74 శాతమే వాడారు. దీనికి ‘సోషల్ లోఫింగ్’ అని పేరు పెట్టారు. ఎవరి కేకను వారి పేరున విడిగా కొలుస్తామని చెప్పినప్పుడు ఈ తగ్గుదల కనిపించలేదని అదే బృందం 1981లో చూపింది.

ఆన్‌లైన్‌లో అదనపు చిక్కు

ఎదురెదురుగా కూర్చుంటే ముఖం చూసి సంగతి గ్రహించవచ్చు. గ్రూపులో మౌనానికి అర్థం తెలియదు. అది అంగీకారమా, సందేశం చదవలేదా, సిగ్నల్ లేదా?

2010లో అనితా వూలీ బృందం 699 మందిని చిన్న జట్లుగా పరీక్షించింది. జట్టు పనితనానికి సభ్యుల సగటు తెలివితేటలతో గట్టి సంబంధం కనిపించలేదు. మాట్లాడే అవకాశం అందరికీ సమంగా దక్కిన జట్లు, ఎదుటివారి మనసు గ్రహించగల సభ్యులున్న జట్లు మెరుగ్గా రాణించాయి. అలా గ్రహించగల నేర్పు, టైపు చేసిన మాటలతోనే నడిచే ఆన్‌లైన్ జట్లలోనూ ముఖ్యమేనని 2014లో వెలువడిన మరో అధ్యయనం తెలిపింది.

పనిని ఎలా అమర్చాలి?

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఎలియట్ ఆరన్‌సన్ ‘జిగ్‌సా’ పద్ధతి ప్రవేశపెట్టారు. పాఠంలోని ఒక్కో ముక్క ఒక్కో విద్యార్థి దగ్గరే ఉంటుంది. అందరూ చెబితేనే పాఠం పూర్తవుతుంది. పై బృందంలోనూ ఒకరికి లక్ష్యాలు, ఒకరికి ప్రయోగం, ఒకరికి బొమ్మలు, ఒకరికి ప్రశ్నలు, ఒకరికి మొత్తం పరిశీలన అప్పగించవచ్చు. వారానికి ఒకసారి అందరూ వంతులవారీగా మాట్లాడితే మౌనానికి అర్థం తెలుస్తుంది.

చివర్లో ప్రతి ఒక్కరూ మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. నేను ఏం చేశాను? ఎక్కడ ఆగిపోయాను, ఎందుకు? ఈసారి ఏం మారుస్తాను? ఎవరు ఎన్ని పదాలు టైపు చేశారో పత్రం చరిత్ర చూపగలదు. తప్పును పట్టినవారి, వెనకబడినవారికి ఫోన్ చేసి అర్థమయ్యేలా చెప్పినవారి శ్రమ అందులో కనిపించదు. ఈ జవాబుల్లో అది బయటపడుతుంది. రేపు తరగతిలో పిల్లలకు బృంద పని ఇచ్చేది ఈ ఐదుగురే కాబట్టి, ఈ అనుభవం వారికి పాఠం ఎంతో అంత ముఖ్యం.