శ్రామికులకు సంఘమేల?

మన చరిత్రపాఠములలో పారిశ్రామిక విప్లవమను అధ్యాయము కలదు. అందు ఆవిరియంత్రము, నూలుమిల్లు, ఇనుపదారి మున్నగువాని వృత్తాంతము విరివిగా చెప్పబడును. కాని ఆ యంత్రములకడ నిలిచి పనిచేసినవారు రాజకీయములలో నెట్లు ప్రవేశించిరో చదువరులు తఱచుగా గమనింపరు. ఈ వ్యాసమున మేమా విషయమును మన నల్లగొండ సీమతో జోడించి విచారింపదలచితిమి.

పూర్వము సాలెవాడు తన యింట తన మగ్గముపై నేసెడివాడు. యంత్రాగారము వచ్చినతోడనే పనిముట్టు యజమానిదయ్యెను. శ్రామికునకు చేతులు మాత్రమే మిగిలెను. ఒక్కడు పోయి కూలి హెచ్చింపుమని యడిగినచో వానిని తొలగించి వేఱొకని పెట్టుకొనుట సులభము. వేయిమంది కలిసి యడిగినచో నది సులభము కాదు. ఈ చిన్న లెక్కయే కార్మికసంఘమునకు మూలము. ఇంగ్లండునందు 1799, 1800 సంవత్సరముల శాసనములు ఇట్టి సంఘములను నిషేధించెను. 1824లో ఆ శాసనములు రద్దయ్యెను. అయినను చట్టములు చేయు సభలో తమ మాట లేనిదే తమ కూలికి రక్షణ లేదని శ్రామికులు గ్రహించిరి. 1838లో ప్రకటింపబడిన ప్రజాపత్రమున వారు పురుషులందఱికి ఓటు, రహస్యముగా ఓటువేయుట, సభ్యులకు జీతము, ఆస్తి నియమము తొలగింపు, సమాన నియోజకవర్గములు, ఏటేట ఎన్నికలు అను నాఱింటిని కోరిరి. పార్లమెంటు వాని నప్పుడు త్రోసివేసెను. కాని కడపటిది తప్ప తక్కినవన్నియు కాలక్రమమున నెఱవేఱినవి. 1900లో నేర్పడిన కార్మిక ప్రాతినిధ్య సమితి 1906లో లేబరు పార్టీ యను పేరు దాల్చెను.

మన దేశమున 1918లో చెన్నపట్టణపు మిల్లు కార్మికులకై మదరాసు లేబరు యూనియన్ వెలసెను. 1920లో లాలా లజపతిరాయి అధ్యక్షతన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు బొంబాయిలో సమావేశమయ్యెను. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టము వచ్చెను.

నిజాము రాజ్యమునందును బొగ్గుగనులు, బట్టల మిల్లులు లేకపోలేదు. సింగరేణి గనులలోను, వరంగల్లు ఆజంజాహీ మిల్లులోను వేలకొలది జనులు పనిచేసిరి. కాని సభ జరుపవలెనన్నచో గస్తీ నిశాన్ 53 ప్రకారము సర్కారు అనుమతి కావలసియుండెను. నోరు విప్పుటకే యనుమతి కావలసినచోట సంఘము పెరుగుట కష్టము. ఈ యడ్డంకుల నడుమనే కవి మఖ్దూం మొహియుద్దీన్ మున్నగువారి కృషివలన 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడెను.

ఇక మన నల్లగొండ మాట. ఇచ్చట నాడు పెద్ద మిల్లు లేదు, గని లేదు. అయినను శ్రామికోద్యమ మిచ్చటనే మిగుల తీవ్రరూపము దాల్చెను. దీనికి కారణమేమి?

కారణము వెట్టి. దేశ్‌ముఖుల యిండ్లకును, సర్కారు అధికారుల బసలకును చాకలి, మంగలి, కుమ్మరి మున్నగు వృత్తులవారును, దళితవాడల కుటుంబములును కూలి లేకయే పనిచేయవలసి యుండెను. అప్పు తీర్చలేనివాడు భాగేలాగా మాఱి దొరయింట ఏండ్లతరబడి చాకిరి చేసెడివాడు. 1936లో భాగేలా ఒప్పందములపై శాసనము చేయబడెను గాని, దానిని అమలుపఱుపవలసిన గ్రామాధికారము దొరల చేతనే యుండుటచే అది కాగితమునందే నిలిచెను.

మిల్లు కార్మికుల నొకచోట చేర్చినది యజమాని కట్టిన కప్పే. చెల్కలలో, గుడిసెలలో చెదరియున్న పల్లెజనులను చేర్చినదేది? అది అక్షరమును, సభయు నని మా తలంపు. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడెను. 1926లో పాలమూరు సీమవాడగు సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక నారంభించెను. ఆయన అధ్యక్షతననే 1930లో జోగిపేటయందు ప్రథమ ఆంధ్రమహాసభ జరిగెను. మొదట భాషకును, విద్యకును పరిమితమైన ఆ సభ క్రమముగా పల్లెల కష్టములను చేపట్టెను. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యెను. అంతట మహాసభ పల్లెవారి నోట సంఘమను రెండక్షరము లయ్యెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను సంఘమువారి తోడ్పాటుతో దొరమనుష్యులకు చిక్కకుండ ఇంటికి చేర్చుకొనెను. 1946 జూలై 4న, నాడు నల్లగొండ జిల్లాలోనున్న కడివెండిలో, దొరమనుష్యుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలియయ్యెను.

పిమ్మట పోరాటము సాయుధమయ్యెను. 1948 సెప్టెంబరులో నిజాము పాలన యంతరించిన తరువాతను అది 1951 అక్టోబరు వఱకు సాగెను. ఆయుధములు పట్టుట తగునా, 1948 తరువాత కొనసాగించుట తగునా యను విషయమున ఆ నాయకులలోనే భిన్నాభిప్రాయములు కలిగెను. ప్రాణనష్ట మిరువైపుల అపారము. కాని రెండు ఫలితములు నిలిచినవి. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1950లో కౌలుదారుల రక్షణకు చట్టము వచ్చెను. 1952 సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డిని నెహ్రూకంటె నధికముగ ఓట్లిచ్చి లోకసభకు పంపిరి. ఇంగ్లండు శ్రామికులు 1838లో కోరిన ఓటు మన పల్లెకూలి చేతికి వచ్చిన విధ మిది.

అంతటితో కథ ముగిసినదని తలంపరాదు. వానలు తప్పినపుడు పాలమూరు కూలీలు మేస్త్రీవద్ద ముందుగా పైకము తీసికొని దూరదేశములకు ఆనకట్టల పనికి, కట్టడముల పనికి పోయిరి. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టమును, 1979లో వలస కార్మికుల చట్టమును చేయబడినవి. అయినను నెలకొక యూర పనిచేయువానికి కలిసి నిలుచుటకు కప్పు లేదు. పొరుగుభాషలో తన లెక్క యడుగుటకు మాట చాలదు. భాగేలా శాసనము మనకు నేర్పినదిదియే: అడుగువారు లేనిచోట చట్టము నిద్రించును.

విద్యార్థులారా, మీలో ననేకుల తలిదండ్రులు కాయకష్టముచే జీవించువారే. వారి హాజరుపట్టీని, కూలిలెక్కను, అప్పుకాగితమును చదివి చెప్పుట మీకు సాధ్యమైన పని. వ్రేలిముద్ర వేయకముందే కాగితమున నేమున్నదో తెలిసికొనుట సంఘమునకు తొలిమెట్టు. నల్లగొండలో తుపాకికన్న ముందు వచ్చినది పత్రికయే యను సంగతిని మీరు మఱువకుందురుగాక!