లండను విమానం – నేను చేసిన తప్పు లెక్క

 

పోయిన వారం స్లిప్ టెస్టులో ఈ లెక్క వచ్చింది కదా: "చలికాలంలో ఒక విమానం హైదరాబాదులో ఉదయం 7 గంటలకు బయలుదేరి, లండనులో అక్కడి గడియారం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు దిగింది. దూరం 7,750 కి.మీ. సగటు వేగమెంత?" ఏడు నుంచి పన్నెండుకు 5 గంటలే అనుకుని 1,550 కి.మీ. అని రాశాను. ముందురోజు స్టడీ అవర్‌లో ఇట్లాంటి లెక్కే ఆరుగురికి నేర్పింది కూడా నేనే. వాళ్లూ అట్లాగే రాశారు. ఏడుగురికీ సున్నా! నన్ను నమ్మినందుకు వాళ్ల మార్కులు పోయాయని ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

లెక్కల సారు ఒకటే మాట అడిగారు: "నీ విమానం శబ్దం కంటే ముందు పోతుందా?" ఇప్పటి ప్రయాణికుల విమానాలు ఆకాశంలో గంటకు దాదాపు 900 కి.మీ. పోతాయి. శబ్దాన్ని మించిపోయిన కాంకార్డ్ 2003లోనే ఆగిపోయింది. జవాబు రాగానే, ఇది జరిగే పనేనా అని చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

తప్పు ఎక్కడుంది? గడియారంలో. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశ కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. లండను దగ్గర సున్నా రేఖాంశం. 82½ × 4 = 330 నిమిషాలు, అనగా 5½ గంటలు. లండనులో పగలు 12 అయితే మనకు సాయంత్రం 5:30. ఉదయం 7 నుంచి లెక్కిస్తే ప్రయాణం 10½ గంటలు. 7,750 ని 10½ తో భాగిస్తే గంటకు సుమారు 738 కి.మీ. ఇదే సరైన జవాబు. (ఎండాకాలంలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా 4½ గంటలే.)

మరి 900 ఎందుకు రాలేదు? ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు విమానం నెమ్మదిగా పోతుంది. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ఎదురొస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది కనుక తొందరగా వస్తాం. దారి కూడా 7,750 కంటే ఎక్కువే పడుతుంది.

ఈ దారి సంగతి గ్లోబు మీద దారం పెట్టి చూశాను. అట్లాసులో స్కేలు పెడితే గీత పర్షియా సింధుశాఖ మీదుగా పోయింది. గ్లోబు మీద దారం బిగించి లాగితే కాస్పియన్ సముద్రం, ఉక్రెయిన్ మీదుగా పోయింది! భూమి గుండ్రం కాబట్టి దారం చూపిందే దగ్గరి దారి. కానీ 2022లో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ ఆకాశం ప్రయాణికుల విమానాలకు మూసేశారు. కనుక చుట్టు తిరగాల్సిందే.

ఇక మీకొక లెక్క. చలికాలంలో లండనులో మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరిన విమానం 9½ గంటలు ఎగిరితే హైదరాబాదులో గడియారం ఎంత చూపిస్తుంది? ఆ ఆరుగురూ ముందు చెప్పాలి. ఈసారి నన్ను అడగకుండా, మీరే చేసి చూడండి!