వైద్యశాలలో కొలువు చేయువారి మూలధర్మములు

బట్టల అంగడికి పోయినవాడు నేతను వ్రేళ్లతో పట్టి చూచి, వెలుతురునకెత్తి చూచి, బేరమాడి కొనును. నచ్చకున్న మరియొక అంగడికి పోవును. వైద్యశాలకు పోయినవానికి ఈ స్వాతంత్ర్యము లేదు. సీసాలోని మందు మంచిదో కాదో, సూది శుభ్రమైనదో కాదో, రక్తపరీక్ష చేసి వ్రాసిరో చేయకయే వ్రాసిరో అతడెరుగడు. మత్తుమందు పీల్చి బల్లపై పండుకొనిన రోగి తన దేహమునే పరులచేతి కప్పగించి యున్నాడు. కాబట్టి తక్కిన కొలువులలో కొనువాని కన్ను చేయు కావలిపనిని వైద్యశాలలో పనివాని మనస్సాక్షియే చేయవలసి యున్నది. నేడు పెద్ద ఆసుపత్రులు తమ గోడలపై మూలవిలువలని వ్రాయించి పెట్టుచున్న మాటల వెనుకనున్న అవసర మిదియే. వానిని గూర్చి ఇచ్చట కొంత విచారింపదలచితిమి. మన పాఠశాల విడిచిన బాలబాలికలలో కొందరు నర్సులుగను, పరీక్షాగారములలో సహాయకులుగను, మందుల అంగడి గుమాస్తాలుగను కుదురుకొనుచున్నారు గనుక ఈ విచారణ మనకు దూరమైనది కాదు.

ఏర్పేడు స్టేషనులో రైలెక్కి, రేణిగుంట, తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోవు దారి మన తలిదండ్రులలో పలువురికి తెలిసినదే. ఇంట మొండిరోగము పుట్టినప్పుడు వేలూరికి తీసికొనిపొండని ఇరుగుపొరుగువారు చెప్పుట మన ప్రాంతమున వాడుక. ఆ వేలూరి ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ఐడా స్కడ్డరు గారు 1870లో రాణిపేటలో జన్మించిరి. ఆమె యౌవనమున తిండివనములో తండ్రిగారి యొద్ద నుండగా, ఒకే రాత్రి మువ్వురు పురుషులు వేరువేరుగ వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడుమని ఆమెను వేడిరి. తండ్రిగారు వైద్యులే గాని, పరపురుషుడు చూడరాదని వా రొప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ఆ మువ్వురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికాకు పోయి 1899లో కార్నెల్ వైద్యకళాశాలలో పట్టము పొంది, 1900లో వేలూరిలో ఒక్క పడకతో పని ప్రారంభించిరి. 1902లో 40 పడకల షెల్ ఆసుపత్రియు, 1909లో నర్సుల పాఠశాలయు, 1918లో బాలికల వైద్య పాఠశాలయు ఏర్పడెను.

ఆ సంస్థ తన ధ్యేయవాక్యముగ గైకొనిన సువార్తవచనపు భావము తెలిసినదే: ఒకరిచే పరిచర్య చేయించుకొనుటకు గాక, తామే పరిచర్య చేయుటకు వచ్చితిమనుట. వినుటకు సులభముగ నున్నది. కాని 1909లో దీని అర్థమేమో ఆలోచింపుడు. పరుల మలమూత్రము లెత్తుట, చీమునెత్తురులు కడుగుట, కులమేదో తెలియనివాని తల నెత్తి నీరు త్రాగించుట నాడు గౌరవముగల ఇంటి ఆడుబిడ్డకు తగని పనులని యెంచబడెను. నర్సుల పాఠశాలలు ఈ దేశమున వేరూనుటకు పట్టిన కాలములో అధికభాగ మీ భావమును గెలుచుటకే పట్టినది. 1946 నాటికి గాని వేలూరిలో నర్సువిద్య పట్టపరీక్ష స్థాయికి రాలేదు. ఇప్పటికిని కొందరు తండ్రులు మాతో, "అయ్యా, మా పిల్ల డాక్టరు కావలె గాని బెడ్‌ప్యాను లెత్తునా?" యని యందురు. ఆ పిల్లయే విదేశములలో జీతము పంపునని తెలిసినచో వెంటనే యొప్పుకొందురు! జీతము కోరుట పాపము కాదు. అయినను, పనిని హీనమని తలచుచు జీతమునకై చేయువాని చేతిలో రోగి పడుట ప్రమాదకరము. ఏలయన, తనకు హీనమని తోచిన పనినే మానవుడు మొదట ఎగవేయును.

ఎగవేయుట యెంత సులభమో యొక ఉదాహరణమున చూపుదుము. పక్షవాతముచే కదలలేని రోగిని ఇంచుమించు రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. లేనిచో ఎముకల యొత్తిడివలన చర్మము చచ్చి పడకపుండ్లు పుట్టును. రాత్రి రెండు గంటలవేళ వార్డులో పెద్దవారెవరును లేరు. రోగి మాటాడలేడు. త్రిప్పకయే త్రిప్పితినని పట్టికలో ఒక గీత గీసినచో అడుగువాడు లేడు. పుండు కనబడునది కొన్ని దినములకు. అప్పటికి గీసినవా రెవరో తేలదు. గోడమీది మాటలలో సేవ మొదట వ్రాయబడియుండును గాని, మా యభిప్రాయమున సత్యమే మొదటిది. అది లేనిచోట సేవ జరిగినదో లేదో ఎవరికిని తెలియదు.

ఈ సత్యధర్మము ఎంతవరకు పోవలెనో క్షయరోగ చికిత్స చరిత్ర చూపుచున్నది. నాటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లెకు సమీపమున, పలు మిషనులు కలిసి 1915లో ఆరోగ్యవరము శానిటోరియమును తెరచిరి. డెన్మార్కు దేశీయులైన డాక్టరు ఫ్రిమొట్ మోలర్ గారు దానికి ప్రథమాధికారులు. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడువరకు క్షయను నేరుగా చంపు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, వీనికి తోడు కొన్ని శస్త్రచికిత్సలే యాధారములు. అందుచే శానిటోరియములు లేక క్షయ కుదురదని వైద్యలోకము నమ్మియుండెను. 1956లో మద్రాసులో స్థాపింపబడిన క్షయచికిత్సా పరిశోధనాకేంద్రము బీదరోగులను రెండు భాగములు చేసి, కొందరిని శానిటోరియములోను, కొందరిని ఇరుకైన వారి ఇండ్లలోనే యుంచియు, ఒకే మందులు ఒక సంవత్సర మిచ్చి చూచెను. ఇంటనున్నవారి ఆహారము తక్కువ, విశ్రాంతి తక్కువ. ఐనను 1959లో ప్రకటింపబడిన ఫలితము ప్రకారము వారును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. ఇంటివారికి రోగ మంటుటయు హెచ్చు కాలేదు. రోగులు మందు మ్రింగిరో లేదో తెలిసికొనుటకు సిబ్బంది చెప్పకుండ ఇండ్లకు పోయి మాత్రలు లెక్కించిరి, మూత్రము పరీక్షించిరి. అట్లు లెక్కించినవారు సోమరితనమున అంకెలు కల్పించి వ్రాసియున్నచో ఆ ఫలితమునకు విలువ యేమి? పడక దొరకని లక్షలమందికి ఇంటనే చికిత్స యను తలుపు తెరచుకొనినది ఆ మాత్రల లెక్కవలననే. శానిటోరియములే సర్వమని నమ్మినవారికి ఇది అప్రియమైన సత్యము, ఐనను ప్రకటింపబడెను.

ఇక వినయము. సభలలో నమస్కరించు వినయమును గాక, పనిలో తప్పు చూపినప్పుడు వినగల వినయమును మేము చెప్పుచున్నాము. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు ప్రసవశాల లుండెను. ఒకటి వైద్యవిద్యార్థులది, రెండవది మంత్రసానులది. చదువుకొన్నవారి శాలలోనే తల్లులు హెచ్చుగ చనిపోవుచుండిరి. శవములను కోసిన చేతులతోనే వారు ప్రసవములు చేయుచుండుట కారణమని సెమ్మెల్వైస్ అను యువవైద్యుడు 1847లో గ్రహించి, సున్నపు క్లోరిను నీటితో చేతులు కడిగించెను. ఏప్రిలులో నూటికి 18 మంది చనిపోయిన ఆ శాలలో, జూనులో ఇంచుమించు ఇద్దరే చనిపోయిరి. ఐనను పెద్ద వైద్యులు పలువురు తమ చేతులే మృత్యుకారణములన్న మాట సహింపలేకపోయిరి. ఆయన మాట నెగ్గకయే 1865లో మరణించెను.

నూటయరువది యేండ్ల పిదప ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో శస్త్రచికిత్సకు ఒక సరిచూచు పట్టికను వెలువరించినది. కత్తి పెట్టకముందు గదిలోనివారందరు తమ పేరును పనిని చెప్పుకొనవలెను. రోగి యెవరో, కోయవలసిన చోటేదో బిగ్గరగ నిశ్చయింపవలెను. ముగించునప్పుడు నర్సు దూదిగుడ్డలు, పనిముట్లు లెక్కించి చెప్పవలెను. ఢిల్లీతో కూడ ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దీనిని వాడి చూడగా మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గెనని 2009లో ప్రకటించిరి. ఇందులో క్రొత్త మందేదియు లేదు. చిన్న నర్సు, "అయ్యా, ఆగుడు, ఒక గుడ్డ తక్కువైనది" యని పెద్ద శస్త్రవైద్యునితో చెప్పుటకు హక్కు దొరకినది. మన తరగతులలో పెద్దవారి యెదుట నోరెత్తకుండుటయే మర్యాదయని నేర్పుచున్నాము. ఆ మర్యాద కొంత సవరింపదగినదేమో ఉపాధ్యాయులు కూడ ఆలోచింపవలెను.

లాభమునకై నడచు కంపెనీ ఆసుపత్రులకు ఈ ధర్మములు చెల్లునా యని కొందరడుగుదురు. చిత్తూరు సమీపమునగల అరగొండలో జన్మించిన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి గారు 1983లో మద్రాసున అపోలో ఆసుపత్రిని 150 పడకలతో తెరచినది కంపెనీ పద్ధతిమీదనే. గుండె శస్త్రచికిత్సకు విదేశమునకు పోలేక ఒక యువకుడు చనిపోగా, అట్టి చికిత్స ఇచ్చటనే జరుగవలెనని వారు సంకల్పించిరి. 2000లో అరగొండ నుండియే దూరవైద్యము కూడ నడచినది. వాటాదారులు మూలధనము పెట్టనిచో అంతటి యంత్రసామగ్రి వచ్చుట కష్టమే. వారికి లాభము రావలెను. కాని అవసరము లేని పరీక్ష వ్రాసినయెడల నష్టపోవునది తన రోగ మేమో తెలియనివాడే గనుక, లాభము పుచ్చుకొనుచోట సత్యధర్మము మరింత బిగువుగ నుండవలెనని మా తలంపు. ఒక పట్టణపు ఆసుపత్రిలో కరుణ యను మాట బంగారు రంగు అక్షరములతో నున్న గోడక్రిందనే, రశీదు తేనిదే స్ట్రెచరు కదలదని గుమాస్తా యొక ముసలివానితో కసరుట మేము చూచితిమి. ఆ గుమాస్తాను మాత్రమే నిందింపజాలము. అట్లు చెప్పుమని వానికి నేర్పినవారు వేరుగ నుందురు.

పై తరగతులవారికి ఒక ప్రశ్న. నీవు పరీక్షాగారములో క్రొత్తగ చేరిన సహాయకుడవు. తెల్లవారుజామున రెండు రక్తపుగొట్టముల చీటీలు మారెనేమో యని నీకు సందేహము కలిగినది. మరల రక్తము తీయవలెనన్న నొక వృద్ధురాలిని నిద్రలేపి మూడవసారి సూది గ్రుచ్చవలెను, పై యధికారికి చెప్పవలెను, నీ జీతములో కోత పడవచ్చును. నీ వేమి చేయుదువు? ఆ ఆసుపత్రి యధికారి యేమి చేసినచో ఇట్టి సహాయకుడు మరునాడు కూడ నిజము చెప్పగలడు? ఒక పుటకు మించకుండ వ్రాసి, ఇంట పెద్దలకు చదివి వినిపించి, వారి యభిప్రాయము కూడ క్రింద వ్రాయించుకొని రావలెను.