పట్టణపు చెత్త - పల్లె పొలము



పశువులు తగ్గినకొలది మన పెంటదిబ్బలును తగ్గినవి. నల్లరేగడి పొలములకు చాలినంత పశువుల ఎరువు దొరకుట కష్టమైనది. మరొక వంక ప్రొద్దుటూరు వంటి పట్టణములలో చెత్త దినదినము పోగగుచున్నది. ఆ చెత్త మన పొలమునకు ఎరువు కాగలదు. ఏమరినచో విషమును కాగలదు. ఏది కావలయునో ముందుగా యోచించుకొనుట మంచిది.

ఎంత ఎరువు వచ్చును?

2011 జనాభా లెక్కలలో ప్రొద్దుటూరు పురపాలక సంఘపు జనసంఖ్య లక్షా అరువది వేలకు పైబడినది. తలకు దినమునకు 400 గ్రాముల చొప్పున అంచనా వేసిన 64 టన్నుల చెత్త. అందులో సగము కూరగాయల తుక్కు, అన్నము, ఆకులు అనుకొందము. ఆ 32 టన్నులు మ్రగ్గి నాలుగవ వంతునకు దిగినచో 8 టన్నుల ఎరువగును. ఏడాదికి సుమారు 2,900 టన్నులు. ఎకరమునకు 4 టన్నుల వంతున అది 700 ఎకరములకు కొంచెము మించి చాలును. ఇది మాదిరి లెక్కయే అయినను, పట్టణపు ఎరువు పారవేయదగినంత చవుక వస్తువు కాదని దీనివలన తెలియును.

ఎరువులో సత్తువ

1985 ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారము పట్టణపు కంపోస్టులో నత్రజని 0.8 శాతమునకు, భాస్వరము, పొటాషు ఒక్కొక్కటి 0.4 శాతమునకు తగ్గరాదు. అనగా 4 టన్నులలో సుమారు 32 కిలోల నత్రజని. అదంతయు మొదటి పైరుకే అందదు. కావున యూరియాకు పూర్తిగా బదులని ఎంచరాదు. ఇది నేలను గుల్లపరచి, వాన నీటిని పట్టి ఉంచును. వానలు తక్కువైన మన జిల్లాలో ఇదియే అసలు లాభము.

కలగాపులగపు చెత్త వద్దు

వేరు చేయని చెత్తను ఎవరైన ఉచితముగా తోలినను పొలములో వేయించుకొనరాదు. గాజు పెంకులు కాళ్ళను కోయును. ప్లాస్టిక్ కాగితములు నీటికిని వేళ్ళకును అడ్డుపడును. పాత బ్యాటరీల సీసము, కాడ్మియము, ట్యూబులైట్ల పాదరసము నేలలో నిలిచిపోవును. కలుపును పెరికివేయవచ్చును; సీసమును పెరుకజాలము. అందువలననే కిలో కంపోస్టులో సీసము 100, కాడ్మియము 5, పాదరసము 0.15 మిల్లీగ్రాములకు మించరాదని ఆ ఉత్తరువు హద్దు పెట్టినది.

కొనుటకు ముందు పరీక్షా పత్రమును అడుగుడు. చేతిలోనికి తీసికొనిన మట్టివాసన రావలెను; మురుగు కంపు కొట్టరాదు. కుప్పలోపల వేడి ఉన్నచో ఇంకను మ్రగ్గలేదని అర్థము.

వేరు చేయుట ఇంటివద్దనే

ఒకసారి కలిసిన చెత్తను తరువాత చక్కగా విడదీయుట సాధ్యము కాదు. సూర్యాపేట పురపాలక సంఘము రెండు దశాబ్దములకు పూర్వమే ఇంటింట తడి చెత్తను, పొడి చెత్తను వేరుగా సేకరించి, తడి చెత్తను ఎరువుగా మార్చి పేరు పొందినది. 2016లో కేంద్ర ప్రభుత్వ నియమములు ఈ పద్ధతినే దేశమంతటికి విధించినవి.

పొడి చెత్తలో కాగితము, ఇనుము, సీసాలు పాత సామానుల వర్తకులకు పోవును. ఎందుకును పనికిరాని ప్లాస్టిక్‌కు సిమెంటు బట్టీ ఒక దారి. బట్టీలో సుమారు 1,450 డిగ్రీల వేడి ఉండును. బూడిద సైతము సిమెంటులో కలిసిపోవును. చెత్తనుండి ఇంధనము చేయు కేంద్రమునకు 100 కిలోమీటర్లలోపు పరిశ్రమలు తమ ఇంధనములో 5 శాతమైనను దానిని వాడవలెనని ఆ నియమములు చెప్పినవి. చిలమకూరులో సిమెంటు కర్మాగారమున్నది గనుక ఈ సంగతి మనకు దూరపు మాట కాదు. పి.వి.సి. గొట్టముల వంటివి మాత్రము ఇందుకు తగవు.

ఇరువది ఏండ్ల చూపు

మిగిలిన చెత్తను పూడ్చు స్థలము 20-25 ఏండ్లకు చాలవలెననియు, నదికి 100 మీటర్లు, చెరువునకు, ఇండ్లకు, మంచినీటి బావులకు 200 మీటర్లు ఎడముగా ఉండవలెననియు 2016 నియమములలో ఉండెను. చిలమకూరు చుట్టుప్రక్కలది సున్నపురాతి నేల. రాతి పగుళ్ళ గుండా మురుగు తొందరగా బావులకు చేరగలదు. కావున దూరము ఒక్కటే చాలదు. అడుగున నీరు దిగని పొర వేసిరా అని పంచాయతి కార్యదర్శులు, సర్పంచులు గట్టిగా విచారింపవలెను. పెన్నకు వరద వచ్చినప్పుడు నీరు ఎంతవరకు ఎక్కునో ఊరి పెద్దలను అడిగి తెలిసికొనవలెను.

ఈ ఏడే మొదలిడుడు

పట్టణము సిద్ధమగువరకు మనము కాచుకొని ఉండనక్కరలేదు. మెరక నేలలో 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంట త్రవ్వుడు. ఇంటి తడి చెత్తను, పొలపు తుక్కును అర అడుగు మందమున పరచి, పేడనీళ్ళు చల్లుడు. ఇట్లు పొరపొరగా నేలకు పైన ఒక అడుగు వరకు పేర్చి, మట్టితో మెత్తుడు. అయిదారు నెలలకు ఎరువు సిద్ధమగును. మన ఊరి గుంటలో గాజు పెంకు పడకుండ చూచుకొన్ననాడు, పట్టణము వారిని శుభ్రమైన ఎరువు ఇమ్మని అడుగుటకు మనకు నోరుండును.