జపాన్ ‘రాకు’ మట్టిపాత్రలు – తయారీ, వాడకం, జాగ్రత్తలు



మట్టిపాత్ర మనకు కొత్త కాదు. ఎండాకాలం కుండ నీళ్ళు తాగి, ఉగాదికి కొత్త కుండలో పచ్చడి కలుపుకొని పెరిగినవాళ్ళం. కుమ్మరి ఆవంలో కుండలు పేర్చి, గడ్డీ పిడకలూ కప్పి కాలుస్తాడు. అంతా చల్లారాక గాని కుండను బయటికి తీయడు. వేడి మీద తీస్తే పగులుతుందని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటిది, ఎర్రగా కాలుతున్న పాత్రను పట్టకారుతో నిప్పులోంచి నేరుగా బయటికి లాగే పద్ధతి ఒకటుంది. అదే జపాన్ దేశపు ‘రాకు’ పద్ధతి.

నేను ఎం.ఎస్సీ. రసాయనశాస్త్రం చదువుతున్నాను. యూనివర్సిటీ హాస్టల్లో నా పక్క గది మిత్రుడు శిల్పకళ విద్యార్థి. వాళ్ళు రాకు పాత్రలు కాల్చేటప్పుడు దగ్గరుండి చూశాను. అందరూ దాని అందాన్నే మెచ్చుకుంటారు. కాని ఆ పాత్రకు అందం దేనివల్ల వస్తుందో, సాధారణంగా అది తిండికి పనికిరాకుండా పోయేదీ దానివల్లే. ఈ సంగతి తెలిస్తే రాకు గురించే కాదు, ఇంట్లోని ఏ పాత్ర గురించైనా మనం సరైన ప్రశ్న అడగగలుగుతాం.

పుట్టుపూర్వోత్తరాలు

రాకు 16వ శతాబ్దం చివర జపాన్‌లోని క్యోటో నగరంలో పుట్టింది. ఆ కాలంలో సెన్ నో రిక్యూ (1522–1591) అనే గొప్ప తేనీటి గురువు ఉండేవాడు. జపాన్‌లో తేనీటి విందు ఒక క్రతువు లాంటిది. ఆడంబరం లేని, చేతికి ఒదిగే మట్టి గిన్నె కావాలని ఆయన కోరుకున్నాడు. అలాంటి గిన్నెలు చేసిపెట్టినవాడు చోజిరో. అతను ఇంటికప్పు పెంకులు చేసే పనివాడు. సారె మీద తిప్పకుండా, చేతి వేళ్ళతోనే మట్టిని ఒత్తి లేపి, తర్వాత చెక్కి గిన్నె చేసేవాడు.

‘రాకు’ అంటే సుఖం, హాయి అని అర్థం. నాటి పాలకుడు టొయొటొమి హిదెయొషి ఈ అక్షరం గల ముద్రను చోజిరో వారసులకు ఇచ్చాడని చెబుతారు. తర్వాత అదే వారి ఇంటిపేరయింది. ఆ వంశం నేటికీ క్యోటోలో ఇదే పని చేస్తోంది. 2019లో 16వ తరం వారసుడు బాధ్యత తీసుకున్నాడు. పెంకులు చేసే ఒక పనివాడి చేతిపని నాలుగు వందల ఏళ్ళకు పైగా గౌరవంతో నిలబడటం మనం గమనించదగ్గ విషయం.

ఈ పద్ధతిని పాశ్చాత్యులకు పరిచయం చేసినవారిలో ముఖ్యుడు బెర్నార్డ్ లీచ్. ఆయన 1911లో జపాన్‌లో రాకును చూశాడు. 1960లో అమెరికాలో పాల్ సోల్డ్‌నర్ అనే కళాకారుడు వేడి పాత్రను ఎండుటాకుల్లో పెట్టి పొగ పట్టించి చూశాడు. ఇప్పుడు చాలా కళాశాలల్లో రాకు పేరుతో నేర్పేది ఈ పొగ పద్ధతినే. క్యోటో రాకులో పాత్రను బయటికి తీసి చల్లార్చడమే గాని ఇలా ఆకుల పొగ పట్టించడం లేదు. రెండింటి తేడా గుర్తుంచుకోండి. వాడకం గురించి చెప్పుకునేటప్పుడు ఇది అవసరమవుతుంది.

తయారీ విధానం

1. మట్టి: ఒట్టి బంకమట్టి పనికిరాదు. కాల్చిన మట్టిని దంచిన పెంకుపొడిని అందులో కలుపుతారు. నున్నటి మట్టి హఠాత్తుగా చల్లబడితే పగులు ఒక చివర నుంచి మరో చివరకు పాకుతుంది. పెంకుపొడి ఉంటే ఆ పగులు మధ్యలో ఆగుతుంది. మట్టిలోని స్ఫటికశిల 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర రూపం మార్చుకొని ఒక్కసారిగా పరిమాణం మారుతుంది. పాత్రలు ఎక్కువగా పగిలే సమయాల్లో అదొకటి.

2. మొదటి కాల్పు: పూర్తిగా ఆరిన పాత్రను సుమారు 900 నుంచి 1000 డిగ్రీల వరకు నెమ్మదిగా కాలుస్తారు. తడి మిగిలి ఉంటే అది ఆవిరై పాత్రను పేల్చేస్తుంది.

3. గ్లేజు పూత: గ్లేజు అంటే గాజు లాంటి పూత. దానికి మూలం సిలికా. సిలికా ఒక్కటే కరగాలంటే దాదాపు 1700 డిగ్రీల వేడి కావాలి. అందుకని త్వరగా కరిగించే పదార్థాన్ని కలుపుతారు. పూర్వం సీసం కలిపేవారు. ఇప్పుడు చాలామంది బోరాన్ ఉన్న గాజుపొడి వాడుతున్నారు. రంగు కోసం కాపర్ ఆక్సైడ్ వంటి లోహ ఆక్సైడ్లు కలుపుతారు.

4. రెండో కాల్పు: గ్లేజు ఆరాక చిన్న గ్యాస్ బట్టీలో మళ్ళీ సుమారు 1000 డిగ్రీల వరకు వేడి చేస్తారు. గ్లేజు కరిగి తడిగా మెరుస్తున్నప్పుడు పాత్రను పొడవాటి పట్టకారుతో తీస్తారు.

5. పొగ పట్టడం: రంపపు పొట్టు, కాగితాలు లేదా ఎండుటాకులు ఉన్న ఇనుప డబ్బాలో దాన్ని పెట్టి వెంటనే మూత వేస్తారు. కొంతసేపయ్యాక తీసి చల్లారనిస్తారు. కొందరు నీళ్ళలో ముంచుతారు.

రంగుల వెనుక రసాయనం

పదో తరగతి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆక్సీకరణం, క్షయకరణం అని బట్టీ పట్టే పాఠం ఇక్కడ కళ్ళముందు జరుగుతుంది. మూత వేసిన డబ్బాలోకి గాలి అందదు. పొట్టు సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి ఆక్సిజన్ కావాలి. గ్లేజులోని కాపర్ ఆక్సైడ్ నుంచి లాక్కుంటుంది.

కాపర్ ఆక్సైడ్ + కార్బన్ మోనాక్సైడ్ → రాగి + కార్బన్ డయాక్సైడ్

ఇలా మిగిలిన రాగే పాత్ర మీద ఎర్రని, నెమలికంఠం రంగు మెరుపుగా కనిపిస్తుంది. గ్లేజు చల్లబడుతూ మట్టికన్నా ఎక్కువ ముడుచుకుంటే సన్నని నెరియలు వస్తాయి. పొగలోని మసి ఆ నెరియల్లోకి దిగి సాలెగూడులాంటి నల్లని గీతలు ఏర్పడతాయి. గ్లేజు లేని చోట మట్టే నల్లబడుతుంది.

మసితో మట్టిని నల్లబరచడం మన నేలకూ తెలిసిన విద్యే. తెలుగునాట రాక్షసగుళ్ళు అని పిలిచే పెద్దరాళ్ళ సమాధుల్లో లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న మట్టిపాత్రలు దొరికాయి. పాత్రలను బోర్లించి, లోపలికి గాలి అందకుండా కాల్చడం వల్ల అలా వచ్చిందని పురావస్తు పరిశోధకులు వివరిస్తారు.

చేసేటప్పుడు జాగ్రత్తలు

1. బట్టీ ఆరుబయటే ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తల తిరిగినా, తలనొప్పి వచ్చినా వెంటనే దూరంగా గాలిలోకి రావాలి.

2. నూలు బట్టలే వేసుకోవాలి. పాలిస్టర్ బట్ట కరిగి ఒంటికి అంటుకుంటుంది. తోలు బూట్లు, వేడిని తట్టుకునే పొడవాటి చేతితొడుగులు, ముఖానికి అడ్డు తప్పనిసరి. జుట్టు ముడివేసుకోవాలి. చున్నీ, కండువా వేలాడకూడదు.

3. డబ్బా మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టాలి. గాలి తగలగానే మంట భగ్గున లేస్తుంది.

4. వేడి పాత్రను సిమెంటు గచ్చు మీద పెట్టకూడదు. లోపలి తడి ఆవిరై గచ్చు పెచ్చులుగా పేలుతుంది. ఇటుకలో, ఇసుకో పరవాలి. పక్కన నీళ్ళు, ఇసుక బకెట్లు సిద్ధంగా ఉండాలి.

5. అన్నిటికన్నా మోసకారి దుమ్ము. మంటను చూస్తే భయపడి తప్పుకుంటాం. మట్టిపొడి, గ్లేజుపొడి లేస్తుంటే ఎవరూ తప్పుకోరు. అందులోని సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తాయి. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. పొడి కలిపేటప్పుడు సరైన మాస్కు పెట్టుకోవాలి. పని చేసిన చోటును పొడి చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఈ ఐదో మాట దగ్గర కొంచెం ఆగాలి. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. మా నాన్న చాలా ఏళ్ళు కంకర మిషన్ దగ్గర కూలి చేశాడు. సాయంత్రం చొక్కా దులిపితే తెల్లగా దుమ్ము లేచేది. రాత్రంతా పొడిదగ్గు. ఊళ్ళో అందరూ బీడీల దగ్గు అనేవారు. అక్కడ ఎవరూ మాస్కు ఇవ్వలేదు, నీళ్ళు చల్లించలేదు. సిలికా గురించి చదివాకే నాన్నను ఛాతీ పరీక్షకు తీసుకువెళ్ళాను. ఇప్పుడు ఆ పని మాన్పించాం, మందులు వాడుతున్నాడు, దగ్గు మాత్రం పూర్తిగా పోలేదు. మీ ఇళ్ళలో ఎవరైనా రాళ్ళు కొట్టే చోట, పలుగురాయి పొడి చేసే చోట పనిచేస్తుంటే, సెలవులకు వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పండి. దగ్గు ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, చేసే పని ఏమిటో డాక్టరుకు చెప్పండి.

వాడకం

పొగ పట్టించిన రాకు పాత్రలో తిండి, నీళ్ళు పెట్టకూడదు. కారణాలు మూడు. ఒకటి, తక్కువ వేడికి కాలిన మట్టి కాబట్టి నీటిని పీల్చుకుంటుంది. రెండు, నెరియల్లో తిండి చేరితే కడిగినా పోదు, అక్కడ క్రిములు పెరుగుతాయి. మూడు, గ్లేజులోని లోహాలు పులుపుకు కరుగుతాయి. ఇత్తడి గిన్నెకు మన పెద్దవాళ్ళు కళాయి ఎందుకు పూయించేవారు? చింతపండు పులుసుకు చిలుము దిగుతుందనే కదా. ఇక్కడా అంతే. పాత గ్లేజుల్లో సీసం ఉంటే మరీ ప్రమాదం. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. శరీరంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరి మన మంచినీళ్ళ కుండ కూడా నీటిని పీల్చుతుంది కదా అని అడగవచ్చు. నిజమే. పైకి ఊరిన ఆ నీరు ఆవిరవడం వల్లే కుండ నీళ్ళు చల్లగా ఉంటాయి. కాని దానికి గ్లేజు లేదు, లోహాల రంగు లేదు. అందులో పోసేది నీళ్ళే, వాటినీ రోజూ మారుస్తాం.

క్యోటో సంప్రదాయ గిన్నెల్లో తేనీరు తాగుతారు. దానికి పద్ధతి ఉంది. ముందు గిన్నెను గోరువెచ్చని నీటితో తడుపుతారు, తాగాక సబ్బు లేకుండా కడిగి నీడలో బాగా ఆరబెడతారు. అదీ తిండికి వాడేందుకు తగిన గ్లేజుతో చేసిందని తెలిస్తేనే.

సంరక్షణ

• మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడవాలి. సబ్బు, బూడిద, పీచు వాడరాదు.
• రాగి మెరుపు మళ్ళీ గాలిలోని ఆక్సిజన్ తగిలి కాలక్రమాన మసకబారుతుంది. ఎండకు, తేమకు దూరంగా ఉంచాలి.
• పూలు పెట్టాలంటే ఎండుపూలు పెట్టండి. తాజాపూలకు లోపల గాజు గ్లాసు పెట్టి అందులో నీళ్ళు పోయండి.
• పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో పెట్టరాదు.
• పైన మైనం, వార్నిష్ పూసినంత మాత్రాన అది తిండి పాత్ర అయిపోదు.

చివరగా

సంతలో, ఎగ్జిబిషన్‌లో మెరిసే మట్టిపాత్ర కనిపిస్తే అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ మట్టి? పైపూతలో ఏం కలిపారు? ఎంత వేడికి కాల్చారు? జవాబు రాకపోతే దాన్ని అలమరలో అలంకారంగా పెట్టుకోండి, కంచం పక్కన వద్దు.

బొమ్మలు, శిల్పాల మీద ఇష్టమున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంటర్ తర్వాత లలితకళల డిగ్రీ చదవవచ్చు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇలాంటి కోర్సులు నడుపుతున్నాయి. చేతిపని తక్కువది కాదు. అది చేసేవాడి ఊపిరి కూడా తక్కువది కాదు. రెండింటినీ కాపాడుకుందాం.