దుమ్ము పడనివారికి దీర్ఘచికిత్స

“మా వానికి దుమ్ము పడదు” అను మాట ప్రతి గ్రామమునను వినవచ్చునదే. తెల్లవారగానే వరుస తుమ్ములు, ముక్కు దిబ్బడ, రాత్రివేళ పిల్లికూతలతో కూడిన ఆయాసము దాని లక్షణములు. వీధిలోని మట్టిని నిందించుట మనకు వాడుక. కాని ఇట్టివారిలో పెక్కురకు పడనిది పరుపులోని పురుగు.

ఇది సాలెపురుగునకు దూరపు చుట్టము. పొడవు మిల్లీమీటరులో మూడవ వంతు, కంటికి ఆనదు. మన దేహమునుండి రాలు చర్మపు పొట్టును తిని బొంతలలోను, తలగడలలోను, దూదిపరుపులలోను బ్రతుకును. గాలిలోని తేమయే దానికి నీరు. కావున సముద్రతీరపు ఇండ్లలో దీనికి కొదువ లేదు. ఇది కుట్టదు, కరవదు. దీని మలకణములు ముక్కున చేరుటయే బాధకు మూలము. ఇంటి దుమ్ములో పడనిది ఈ పురుగే యను సంగతిని 1960 దశకమున హాలెండు దేశపు లైడెన్ నగరములో వూర్‌హోర్స్ట్, స్పీక్స్మా మున్నగు పరిశోధకులు వెల్లడించిరి.

పడని వస్తువునే కొలది కొలదిగా ఎక్కించి దేహమునకు అలవాటు చేయుట ఈ చికిత్సలోని కీలకము. 1911లో లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రికి చెందిన లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారముతో ఈ పద్ధతిని ప్రకటించెను. నేడు దుమ్ముపురుగు సారమును సూదిమందుగా గాని, నాలుక క్రింద ఉంచుకొను చుక్కలుగా, బిళ్లలుగా గాని ఇచ్చుచున్నారు. ముందుగా చర్మపరీక్షయో రక్తపరీక్షయో జరిపి, పడనిది ఈ పురుగేనని తేల్చుకొనవలెను. సూదిమందు మొదట వారమున కొకటి, మోతాదు నిలకడకు వచ్చిన పిమ్మట నెలకొకటి చొప్పున 3 మొదలు 5 సంవత్సరములు సాగును.

కూలివానికి ఇచ్చటనే చిక్కు. మందు ఖరీదు, బస్సు ఛార్జీ, ఒకనాటి కూలి, మూడును పోవును. కొన్ని నెలలకు తుమ్ములు తగ్గగానే మానివేయువారు కలరు. అట్లు నడుమ మానినచో పొందిన మేలు నిలువదు. మూడేండ్లు భరింపగలమా యని లెక్కచూచుకొనియే మొదలిడుట మేలని మా అభిప్రాయము. పీల్చుమందుతోను, ముక్కులో కొట్టుకొను మందుతోను నెమ్మదించువారికి దీని అవసరమే లేకపోవచ్చును.

సభ్యులు ముఖ్యముగా గమనింపవలసినది వేరొకటి కలదు. సూది వేసిన అరగంటలో ఏ కొందరికో ఒడలెల్ల దద్దురులు లేచి, గొంతు బిగిసి, రక్తపుపోటు పడిపోవచ్చును. వెంటనే తొడకు అడ్రినలిన్ సూది వేయనిచో ప్రాణాపాయము. కనుక వైద్యుడును, అడ్రినలినును సిద్ధముగా ఉన్నచోటనే ఈ మందు వేయించుకొని, అరగంట అచ్చటనే కూర్చుండవలెను. బస్సు వేళ అగుచున్నదని లేచి వచ్చుట తగదు. సీసాను ఊరికి తెచ్చుకొని తెలిసీతెలియని వానిచేత సూది వేయించుకొనుట అంతకంటెను తగదు. మీ గ్రామమున అట్లు జరుగుచున్నచో వెంటనే వారింపుడు. చుక్కలు, బిళ్లలు వాడువారు మొదటి మోతాదును వైద్యుని యెదుట వేసికొని, పిమ్మట ఇంటియొద్ద దినదినము వాడుకొనవచ్చును. ఉబ్బసము అదుపులో లేనివారికి ఏ రూపమునను దీనిని ఆరంభింపరాదు. కొత్త చికిత్స దొరికినది గదా యని పీల్చుమందును తమంతట మానరాదు.

పక్కబట్టలను వారమున కొకమారు 60 డిగ్రీల వేడినీట ఉతుకవలెను. మండుటెండకు పురుగులు చచ్చును గాని మలకణములు బొంతలోనే నిలిచియుండును. అందుచే ఎండవేసిన పిమ్మట వాకిట దులుపుట తప్పదు. ఆ దులుపు పనిని రోగికి మాత్రము అప్పగింపకుడు.