కూలిన గోడలను చూడబోయినప్పుడు

పాఠ్యభాగము: నెహెమ్యా 2:11–18



నెహెమ్యా యెరూషలేమునకు చేరి మూడు దినములు ఊరకుండెను. పిమ్మట రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని, తన ఉద్దేశమును ఎవరికిని చెప్పక, పడిపోయిన గోడలను, కాలిపోయిన గుమ్మములను చూచుచు తిరిగెను. ఒకచోట అతడెక్కిన జంతువు పోవుటకైనను సందు లేకపోయెను. రాయి ఎత్తకముందే, మనుష్యులను పనికి పిలువకముందే, పాడైనదానిని అతడు స్వయముగా చూచెను. ఈ పాఠమును మేము నాగాలాండులోని కొహిమా పట్టణములో నేర్చుకొంటిమి. ఆ సంగతి వ్రాయుచున్నాము.

1. ప్రయాణము

మేము నలుగురము స్నేహితులము. వీపున సంచులు తగిలించుకొని, గువాహటి మీదుగా దీమాపూరులో రైలు దిగి, అక్కడినుండి జీపులో కొండ ఎక్కితిమి. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొరగారిని పంపిన అమెరికా బాప్టిస్టు మిషనే నాగా కొండలలో పనిచేసిన క్లార్కు దొరగారిని కూడ పంపెను. ఆ పాత చుట్టరికము మమ్మును అక్కడికి లాగెను.

మాలో ఇద్దరు సంఘ పెద్దలు. వారి చేలు ఆనుకొనియున్నవి. నడిమి గట్టును గూర్చి మూడేండ్లుగా వారికి మాటలు లేవు. ఒకరు వచ్చుచున్నారని రెండవవారికి చెప్పియే పిలిచితిమి. ఇద్దరును వచ్చిరి గాని, రైలులో ఎదురెదురుగా కూర్చుండియు మాటాడలేదు.

2. కళ్ళమంత నేల

1944 ఏప్రిల్ 4వ తేదీన జపాను సైన్యము బర్మా వైపునుండి వచ్చి కొహిమా మీద పడెను. దీమాపూరునుండి ఇంఫాలునకు పోవు రహదారి ఈ కొండమీదుగానే పోవును. ఆ దారి తెగినయెడల ఇంఫాలులోని సైన్యమునకు సామగ్రి అందదు. అందుచేత జూన్ 22 వరకు ఇక్కడ ఘోరమైన పోరు జరిగెను. బ్రిటిషు, భారత సైన్యములలో చనిపోయినవారు, గాయపడినవారు, కనబడకపోయినవారు కలిసి నాలుగు వేలమంది. జపానువారు ఐదు వేలకు పైగా నష్టపోయిరి. వారిలో అనేకులు ఆకలిచేతను రోగములచేతను నశించిరి. ఆ దండయాత్రలో జపానువారితో ఆజాద్ హింద్ ఫౌజు కూడ వచ్చెను గనుక, భారతీయులు ఇరువైపులను ఉండిరి.

డిప్యూటీ కమిషనరుగారి బంగళా యొద్ద ఒక టెన్నిసు ఆటస్థలముండెను. దాని ఒక అంచున వీరు, మరియొక అంచున వారు గోతులు త్రవ్వుకొని చేతిబాంబులు విసరుకొనిరి. నేడు అది సైనికుల సమాధుల తోటలో ఉన్నది. ఆట గీతలు తెల్లగా నేలమీద కనబడును. మా పెద్దలలో ఒకరు దానిని అంగలతో కొలిచి, “అయ్యగారూ, ఇది మన కళ్ళమంత కూడ లేదే!” అనిరి. రెండవవారు దూరముగా నిలిచి వినిరి. ఎవరును మరేమియు అనలేదు.

3. పేర్లు చదువుట

ఆ తోటలో 1,420 సమాధులున్నవి. కొన్నిటిమీద పేరు లేదు. పై మెట్టున దహనము చేయబడిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల జ్ఞాపకార్థము కట్టిన కట్టడమున్నది. తొందరపడక, ఫలకము వెంబడి ఫలకము చదివితిమి. ఇరువది యేండ్లు దాటని పిల్లల వయస్సులు చూచి ఉపాధ్యాయుడైన మా స్నేహితుడు కండ్లు తుడుచుకొనెను.

ఆ యుద్ధము నాగావారు తెచ్చుకొనినది కాదు. అయినను వారి ఇండ్లు కూలెను. వారే గాయపడినవారిని మోసిరి, సామానులు చేరవేసిరి. తరువాతి కాలమున అరదూరా కొండమీద కథోలికుల పెద్ద దేవాలయము కట్టినప్పుడు, ఇక్కడ చనిపోయిన జపాను సైనికుల కుటుంబములవారు ద్రవ్యసహాయము చేసిరి. చంపవచ్చినవారి బిడ్డల కానుకను తీసికొనుటకు ఎంత మనస్సు కావలెనో ఆలోచించుడి.

4. మనకు పాఠము

మనము తగవు తీర్చుటకు కూర్చుండినప్పుడు, “పోనిండి, మరచిపోండి” అని త్వరపడి చెప్పుదుము. నెహెమ్యా అట్లు చేయలేదు. ఏది ఎంత పడిపోయినదో చూచిన తరువాతనే రండి కట్టుదమని పిలిచెను. కొహిమావారును సమాధులను మూసివేయలేదు, ఆట గీతలను చెరిపివేయలేదు. వాటిని కాపాడుచునే, వాటి చుట్టు బ్రదుకుచున్నారు. చూడని గాయమునకు కట్టు కట్టలేము.

దిగివచ్చు దారిలో ఒక పెద్దకు మోకాలు నొప్పి పుట్టెను. రెండవవారు ఏమియు మాటాడక ఆయన సంచిని తీసి తమ భుజమున వేసికొనిరి. ఇంటికి వచ్చినవెంటనే గట్టు తగవు తీరినదని మేము చెప్పము. అయితే వచ్చిన వారములోనే ఇద్దరును కలిసి గట్టు వెంబడి నడిచి, ఎవరి వైపు ఎంత తెగినదో చూచుకొనిరి. అది మొదలు. మిగిలినదానికై ప్రార్థించుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

(1) నెహెమ్యా గోడలను చూచుటకు రాత్రివేళ ఏల వెళ్ళెను?

(2) మన ఇంటిలోగాని సంఘములోగాని మనము చూడనొల్లక తప్పించుకొని పోవుచున్న పడిపోయిన గోడ ఏది?

(3) మత్తయి 5:23–24 చదువుడి. వచ్చే ఆదివారము కానుక వేయకముందు ఎవరి ఇంటికి వెళ్ళవలసియున్నది?